పండుగ బిస్కెట్టు ఇంట్లో వత్తుదాం, రోగి మంచం దగ్గర మాత్రం వద్దు



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్ళలో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెలు, గులాబీ పువ్వులు, కజ్జికాయలు, జంతికలు, వాటితోపాటు కేకు. ఈ సంవత్సరం ఆ వరుసలో ఇంకొకటి చేర్చమని మేము కోరుతున్నాము. అది పంచదార బిస్కెట్టు. చపాతీలాగా వత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, కాల్చుకునే మామూలు బిస్కెట్టు.

నర్సింగ్ సూపరింటెండెంటు బిస్కెట్లు చేయమని చెప్పడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. దానికి కారణం మా వార్డులలోనే ఉంది. సాయంత్రం నాలుగు గంటలకు చూడవచ్చేవారిని లోపలికి వదిలిన పది నిమిషాలకు ఏ మంచం పక్కన చూసినా లాకరు మీద బిస్కెట్ ప్యాకెట్టే కనిపిస్తుంది. షుగరు ఉన్నాయన దగ్గర అదే, ఆపరేషను అయిన ఆమె దగ్గర అదే, బాలింత దగ్గర అదే. ప్రేమతో తెచ్చినదే, మేము కాదనము. కానీ ఆ ప్యాకెట్టులో ఏముందో తెచ్చినవారికీ తెలియదు, తినేవారికీ తెలియదు. బిస్కెట్టులో ఏముందో తెలుసుకోవడానికి, ఒక్కసారి దాన్ని మన చేతులతో చేయడాన్ని మించిన పాఠం లేదని మా అభిప్రాయం.

"తియ్యగా కూడా ఉండదు కదమ్మా!"

ఒక పెద్దాయన కాలి పుండుతో మా మగవారి వార్డులో చేరారు. చాలా ఏళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. రోజూ ఇన్సులిన్ ఇస్తున్నా రక్తంలో షుగరు దిగడం లేదు. కుమారుణ్ణి అడిగితే, "నాన్నగారు అన్నం సరిగా ముట్టడం లేదు సిస్టరుగారూ, రెండు బిస్కెట్లతోనే ఉంటున్నారు" అన్నాడు. లాకరు తెరిచి చూస్తే ముందురోజు ఉదయం విప్పిన ప్యాకెట్టు ఖాళీగా ఉంది. పొద్దున రెండు, టీతో రెండు, రాత్రి నిద్ర పట్టక రెండు, ఇలా రెండేసి చొప్పున పదహారు బిస్కెట్లు అయిపోయాయి. మేము మందలిస్తే ఆయన నొచ్చుకున్నారు. "ఇది తియ్యగా కూడా ఉండదు కదమ్మా, ఇందులో షుగరేముంటుంది?" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. మన తెలుగు ఇళ్ళలో జ్వరం వస్తే బ్రెడ్డు, నీరసం వస్తే బిస్కెట్టు అన్నది తరతరాల అలవాటు. తేలికగా అరుగుతుందని పేరు. నిజానికి 'బిస్కెట్' అన్న మాటకు మూలార్థం రెండుసార్లు కాల్చినది అని. ఓడలలో నెలల తరబడి ప్రయాణం చేసేవారికి పాడైపోకుండా ఉండాలని తడి అంతా పోయేలా కాల్చేవారు. అంటే అది నిలవ ఉండడానికి పుట్టిన తిండి, రోగిని కోలుకునేలా చేయడానికి పుట్టినది కాదు.

మేము చెప్పబోయే వత్తుడు బిస్కెట్టును అమెరికాలో షుగర్ కుకీ అంటారు. 'కుకీ' అనేది డచ్చి భాష నుండి వచ్చిన మాట, చిన్న కేకు అని అర్థం. 1700ల మధ్యకాలంలో పెన్సిల్వేనియాలోని నజరేతు అనే ఊరిలో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవులు ఇలాంటి బిస్కెట్లు చేసేవారని చెబుతారు. ఆ పెన్సిల్వేనియా మన తెలుగు సంఘాలకు కొత్త పేరు కాదు. ఫాదర్ హయ్యర్ అక్కడి లూథరన్ సంఘం పంపగా 1842లో గుంటూరు వచ్చారు. 1883లో గుంటూరు వచ్చి తెలుగు స్త్రీలకు వైద్యం చేసిన డాక్టర్ అన్నా సారా కుగ్లరుగారిది కూడా ఆ రాష్ట్రమే. అక్కడ క్రిస్మసుకు తల్లులు, పిల్లలు బల్ల చుట్టూ చేరి నక్షత్రం ఆకారంలో, చెట్టు ఆకారంలో ఈ బిస్కెట్లు కోసుకుంటారు. ఏడాదికొకసారి, పండుగకు, అందరూ కలిసి. ఆ పద్ధతి మనకూ నచ్చేదే.

చేసే విధానం

కావలసినవి: మైదా 250 గ్రాములు, ఉప్పు లేని వెన్న 125 గ్రాములు, మెత్తగా పొడి చేసిన పంచదార 100 గ్రాములు, కోడిగుడ్డు ఒకటి, బేకింగ్ పౌడరు అర చెంచా, చిటికెడు ఉప్పు, వెనిల్లా ఎసెన్సు అర చెంచా. వెనిల్లా లేకపోతే రెండు యాలకులు దంచి వేసుకోండి. గుడ్డు తిననివారు దాని బదులు రెండు మూడు పెద్ద చెంచాల పాలు పోసుకోవచ్చు. ఇందుకు వనస్పతి వాడవద్దని మా మనవి. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుండి నిబంధన ఉంది. అయినా గుండెకు మేలు చేయని గట్టి కొవ్వు వనస్పతిలో ఎక్కువే. వెన్నలో మాత్రం లేదా అంటే, ఉంది. అందుకే ఇది పండుగ వంట అంటున్నాము.

మైదా, బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి జల్లించండి. వేరే గిన్నెలో మెత్తబడిన వెన్న, పంచదార పొడి వేసి తెల్లబడేవరకు గిలకొట్టండి. అందులో గుడ్డు కొట్టి వేసి, వెనిల్లా కలపండి. తర్వాత మైదా కొద్దికొద్దిగా వేస్తూ ముద్దగా చేయండి. చపాతీ పిండిలాగా బాగా మర్దించకూడదు. మర్దించినకొద్దీ మైదాలో జిగురు పెరిగి బిస్కెట్టు గట్టిపడుతుంది. ముద్ద కలిసిందనగానే ఆపేసి, మూతపెట్టి ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెన్న మళ్ళీ గట్టిపడితేనే వత్తడానికి, కోయడానికి వీలుగా ఉంటుంది.

పీట మీద కొంచెం పొడి మైదా చల్లి, అప్పడాల కర్రతో అర సెంటీమీటరు మందాన వత్తండి. అన్నివైపులా మందం ఒకేలా ఉండాలి. లేకపోతే పలుచటి చోట మాడుతుంది, మందపాటి చోట పచ్చిగా ఉంటుంది. సుమారు 6 సెంటీమీటర్ల మూతి ఉన్న చిన్న స్టీలు గ్లాసు బోర్లించి కోయండి. మిగిలిన పిండి ముక్కలు దగ్గరకు చేర్చి మళ్ళీ వత్తండి. మొత్తం 32 బిస్కెట్ల దాకా వస్తాయి.

ఒవెన్ ఉన్నవారు ముందుగా 180 డిగ్రీలకు వేడి చేసి, 10 నుండి 12 నిమిషాలు కాల్చండి. ఒవెన్ లేనివారు పాత మందపాటి దబర తీసుకుని, అడుగున రెండంగుళాలలోపు కల్లుప్పు పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత బిస్కెట్లు పేర్చిన పళ్ళెం స్టాండు మీద ఉంచి, మూతపెట్టి, సన్నటి సెగ మీద 15 నుండి 20 నిమిషాలు కాల్చండి. ప్రెషర్ కుక్కరును నీళ్ళు లేకుండా ఇలా వేడి చేస్తే పాడవుతుంది, దాన్ని వాడవద్దు. అంచులు లేత బంగారు రంగుకు తిరగగానే తీసేయాలి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి, పచ్చిగా ఉన్నాయని మళ్ళీ పొయ్యి మీద పెట్టకండి. చల్లారితే అవే గట్టిపడతాయి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసుకుంటే వారం రోజులు బాగుంటాయి.

నర్సులుగా రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, పచ్చి పిండి ముద్దను పిల్లలు నాకకుండా చూడండి. పచ్చి గుడ్డులో, పచ్చి మైదాలో కూడా విరేచనాలు, వాంతులు తెప్పించే క్రిములు ఉండవచ్చు. రెండు, వేడి పళ్ళెం చీర కొంగుతో, చున్నీతో దించకండి. పండుగ రోజుల్లో ఒళ్ళు కాలి మా క్యాజువాలిటీకి వచ్చేవారిలో కొంగు అంటుకున్నవారు ఉంటూనే ఉంటారు. మందపాటి మసిగుడ్డ వాడండి. చెయ్యి కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి ఏవీ పూయకండి.

ఇప్పుడు లెక్క చూద్దాం

మా నర్సింగ్ విద్యార్థినులు హాస్టల్లో మొదటిసారి ఈ బిస్కెట్లు చేసినప్పుడు, తూకం వేసిన పంచదార కుప్పను చూసి ఒక అమ్మాయి, "ఇంత పంచదారా మేడమ్?" అంది. ఆ ప్రశ్న కోసమే మేము ఎదురుచూశాము. చేసినవారికి ఆ కుప్ప కంటికి కనిపిస్తుంది, కొన్నవారికి కనిపించదు.

100 గ్రాముల పంచదార అంటే సుమారు 25 చెంచాలు. మైదా, వెన్న, పంచదార, గుడ్డు అన్నీ కలిపి చూస్తే ఆ ముద్దలో దాదాపు 2250 కెలోరీలు ఉంటాయి. 32 బిస్కెట్లకు పంచితే ఒక్కొక్క దానిలో 70 కెలోరీలు, 3 గ్రాముల పంచదార. ఉదయం రెండు, సాయంత్రం రెండు తింటే 280 కెలోరీలు. పెద్దలకు రోజు మొత్తం మీద అదనపు చక్కెర 25 గ్రాములకు, అంటే ఆరు చెంచాలకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. టీలో వేసుకునే పంచదార కూడా ఆ ఆరింటిలోనిదే.

మాకు ఇంకా ముఖ్యమైన లెక్క మాంసకృత్తులది. పుండు మానాలన్నా, కుట్లు అతుక్కోవాలన్నా, జ్వరం తర్వాత కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. ఒక బిస్కెట్టులో అవి సుమారు ఒక గ్రాము మాత్రమే ఉంటాయి. ఉడికించిన కోడిగుడ్డు ఒకదానిలో 6 గ్రాములు ఉంటాయి. గుడ్డుతో సమానం కావాలంటే ఆరు బిస్కెట్లు తినాలి. గుడ్డుతో వచ్చేవి 70 కెలోరీలు, ఆరు బిస్కెట్లతో వచ్చేవి 420. కాలి పుండుతో ఉన్న పెద్దాయన విషయంలో జరిగింది ఇదే. కడుపు నిండుతోంది, షుగరు పెరుగుతోంది, పుండుకు మాత్రం ఏమీ అందడం లేదు. ఆకలి చచ్చిపోయినందువల్ల భోజనం మీదకు మనసు పోవడం లేదు. అన్నం తినక బిస్కెట్లు తింటున్నారని కుమారుడు అనుకున్నాడు. బిస్కెట్లు తినడం వల్లనే అన్నం తినడం లేదని మేము గ్రహించాము. ఆ తర్వాత ఆయనకు కొలత ప్రకారం అన్నం, పప్పు, గుడ్డు, మజ్జిగ ఇవ్వసాగాము. పుండు మానడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. కానీ షుగరు దారిలోకి వచ్చింది.

బిస్కెట్టు ఎక్కడ పనికిరాదు?

మొదటిది, షుగరు పడిపోయినప్పుడు. ఇన్సులిన్ తీసుకునేవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే ఇంట్లోవారు చేతికి అందిన బిస్కెట్టు పెడతారు. బిస్కెట్టులో కొవ్వు ఉన్నందున దానిలోని చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ముందు 3, 4 చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత కూడా తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రెండవది, పసిపిల్లలు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దు. తర్వాత మెత్తగా చేసిన పప్పన్నం, గుడ్డు, కూరగాయలు, పండ్లు అలవాటు చేయాలి. టీలో ముంచిన బిస్కెట్టు బిడ్డకు ఆహారం కాదు. పొట్ట నిండి బిడ్డ ఏడుపు మానుతుంది, అంతే. పైగా తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. రక్తహీనతతో మా పిల్లల వార్డుకు వచ్చే బిడ్డల తల్లులను, "రోజూ ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగితే టీ, బిస్కెట్టు అన్న జవాబు మాకు ఎన్నోసార్లు వచ్చింది.

మూడవది, షుగరు ఉన్నవారికి ప్రత్యేకమని అమ్మే బిస్కెట్లు. వాటిలో పంచదార లేకపోయినా మైదాగాని, గోధుమపిండిగాని ఉంటుంది కదా. అది కూడా అరిగి రక్తంలో చక్కెరగానే మారుతుంది. పంచదార మాని బెల్లం వేసినా, మైదా మాని రాగిపిండి కలిపినా కొంత రుచి, కొంత పీచు, ఖనిజాలు వస్తాయే గాని, లెక్కపెట్టకుండా తినే అనుమతి రాదు. ప్యాకెట్టు మీద దినుసుల పట్టికలో ఎక్కువ బరువున్నది మొదట రాయాలన్నది నియమం. మొదటి మూడు పేర్లు చదవండి చాలు. మైదా, పంచదార, పామాయిలు, ఈ మూడే తరచుగా కనిపిస్తాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనలలో కూడా ప్యాకెట్టు మీది వివరాలు చదవమని, కొవ్వు, పంచదార, ఉప్పు ఎక్కువున్నవాటిని తగ్గించమని ఉంది.

మమ్మల్ని అడగదగిన ప్రశ్నలు

"కొన్నదానిలోనూ అవే, ఇంట్లో చేసినదానిలోనూ అవే, మరి తేడా ఏమిటి?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇంట్లో చేసినంత మాత్రాన బిస్కెట్టు పథ్యం కాదు. తేడా అంతా లెక్కలోను, శ్రమలోను ఉంది. పిండి కలిపి, గంట ఆగి, వత్తి, కోసి, కాల్చిన బిస్కెట్టును ఎవరూ రోజుకు పదహారు తినరు. నలుగురికి పంచి, రెండు తిని తృప్తిపడతారు. సులువుగా దొరికినదానికి లెక్క ఉండదు, కష్టపడి చేసినదానికి ఉంటుంది. షుగరు ఉన్నవారు కూడా పండుగనాడు ఆ పూట అన్నం కొంచెం తగ్గించి, డాక్టరుగారు చెప్పిన హద్దులో ఒకటి తినవచ్చు. చాటుగా తినే పదహారింటికంటే అందరితో కూర్చుని తినే ఆ ఒక్కటే మేలు.

"మీ వార్డులలో కూడా సాయంత్రం టీతో బిస్కెట్లు ఇచ్చేవారు కదా?" అని కూడా అడగవచ్చు. ఇచ్చేవారము. పంచడం సులువు, చెయ్యి తడవదు, గిన్నె కడగక్కరలేదు అనుకున్నాము. ఆ తప్పు మాదే. ఇప్పుడు షుగరు ఉన్నవారికి, ఆపరేషను అయినవారికి ఉడికించిన శనగలు గాని, గుడ్డు గాని, మజ్జిగ గాని ఇవ్వడానికి ప్రయత్నిస్తున్నాము. మేము మారకుండా మిమ్మల్ని మారమనడం సరికాదు.

"మరి రోగిని చూడడానికి వట్టి చేతులతో ఎలా రమ్మంటారు?" అనేది చాలామంది మాట. రెండు జామకాయలు, ఉడికించిన గుడ్లు, వేయించిన శనగలు, సీసాలో పలుచటి మజ్జిగ, ఇవన్నీ ప్యాకెట్టు ఖరీదుకు అటూ ఇటూగానే వస్తాయి. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొన్ని పండ్లు కూడా పడవు, ఆపరేషనుకు ముందు ఏమీ తినకూడదు. కాబట్టి ఏది తెచ్చినా ముందు వార్డు సిస్టరును అడగండి. అడిగితే మేము విసుక్కోము. ఏమీ తేకుండా వచ్చి, చెయ్యి పట్టుకుని పది నిమిషాలు కూర్చుని ప్రార్థన చేసి వెళ్ళినా రోగికి అది పెద్ద బలమే.

ముగింపు

సారెపతు విధవరాలి ఇంట్లో మిగిలినది పట్టెడు పిండి, కొంచెం నూనె. ఆ కొంచెంతోనే ఆమె తన చేతులతో అప్పము చేసి దైవజనునికి పెట్టింది. ఇంట్లో ఏముందో, ఎంతుందో ఆమెకు తెలుసు. మన ఇంటి గృహిణులకు కూడా ఆ ఎరుక ఉండాలని మా కోరిక. ఈ క్రిస్మసుకు ఒక సాయంత్రం పిల్లల్ని, పెద్దల్ని కూర్చోబెట్టుకుని ఈ బిస్కెట్లు వత్తండి. పంచదార తూకం పిల్లల చేత వేయించండి, చెంచాలు లెక్కపెట్టమనండి. పొరుగువారికి నాలుగు పంపండి. తర్వాత జనవరిలో ఎవరినైనా చూడడానికి మా ఆసుపత్రికి వచ్చేటప్పుడు, దుకాణం దగ్గర ప్యాకెట్టు మీద చెయ్యి వేసేముందు ఆ పంచదార కుప్పను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మేము కోరేది అంతే.

మీ అందరికీ క్రిస్మసు, నూతన సంవత్సర శుభములు. ప్రభువు మీ గృహములను ఆరోగ్యముతో దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగము తరఫున